మండని కాలు

పోయిన నెల గుంటూరులో మా మేనల్లుడు కొత్త ఇంట్లోకి దిగాడు. గృహప్రవేశం భోజనాల దగ్గర, ఎప్పట్లాగే, మా బావ కాలి కథ మొదలైంది. బావంటే మా అక్క భర్త, ఈ మేనల్లుడి తండ్రి. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఆయన కాలు మాత్రం మా బంధువుల శుభకార్యాలన్నిటికీ పిలవకుండానే వస్తుంది. కథ ఇది: మా బావ ఎంత మొనగాడంటే, మండుటెండలో మిరప కల్లంలో చెప్పుల్లేకుండా తిరిగేవాడు, పెనంలా కాలే నల్లరాతి మీద నిలబడి తాపీగా సోడా తాగేవాడు. కాలు మండేది కాదు. అంతటి కాలిని గుంటూరు డాక్టరొకడు అన్యాయంగా తీసేశాడు.

ఈ కథ చెప్పేవాడు జాంగ్రీ కొరుకుతూ చెప్తాడు. వినేవాళ్ళలో సగం మంది షుగరు మాత్ర మింగి, దానికి తోడుగా మరో జాంగ్రీ మింగుతూ వింటారు. చివర్లో అందరూ నా వైపు తిరిగి, "మాస్టారు అక్కడే ఉన్నారుగా, అడగండి" అంటారు. నేను తల ఊపుతాను. ముప్పై ఏళ్ళకు పైగా ఊపుతూనే ఉన్నాను.

ఈసారీ ఊపాను. అప్పుడు మా మేనల్లుడు, నలభైకి దగ్గర పడుతున్నవాడు, ఈ మధ్యే షుగరు బయటపడినవాడు, నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"నాకూ నాన్న పోలికే మామయ్యా" అన్నాడు సంబరంగా. "మొన్న స్లాబు చూడ్డానికి మేస్త్రీతో కలిసి వొట్టి కాళ్ళతో పైకెక్కా. ఎండకి మేస్త్రీ కోతిలా గెంతుతున్నాడు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు!"

"రక్తం రా అది! ఎక్కడికి పోతుంది?" అన్నారు ఎదురుగా కూర్చున్న పెద్దాయన.

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇక తల ఊపకూడదనుకుని ఇది రాస్తున్నాను.

అప్పట్లో, అంటే ఎనభైల నడుమ, మా అక్కవాళ్ళ ఊళ్ళోనే హైస్కూల్లో సైన్సు మాస్టారుగా ఉండేవాణ్ణి. చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య ఊరు. నల్లరేగడి, పత్తి, మిరప. పెళ్ళి కాలేదు కాబట్టి భోజనం అక్క దగ్గర, సలహాలు బావకి. ఈ మేనల్లుడు అప్పటికి నడక నేర్చే పిల్లాడు.

ఊళ్ళో మొదటి ట్రాక్టరు ఇంకొకరిది, మొదటి టీవీ మరొకరిది. మొదటి షుగరు మాత్రం మా బావది. అది ఆయనకి పెద్ద గౌరవమే తెచ్చింది. షుగరు డబ్బున్నవాళ్ళకొచ్చే జబ్బని అప్పటి నమ్మకం. రెక్కాడించుకునేవాళ్ళకు రాదట, కూర్చుని తినేవాళ్ళకే వస్తుందట. చూడ్డానికొచ్చిన వాళ్ళు అరుగు మీద కూర్చుని, "ఎంత ఉందంట?" అని, ఎకరాలు అడిగినట్టు అడిగేవాళ్ళు. బావ కూడా ఎకరాలు చెప్పినట్టే, ఒకింత పెంచి చెప్పేవాడు.

డాక్టరు పంచదార మానెయ్యమన్నాడు. బావ మాట మీద నిలబడే మనిషి. ఆ రోజు నుంచి పంచదార ముట్టలేదు. టీ బెల్లంతో తాగాడు.

"బెల్లంలోనూ అదేగా బావా ఉండేది?" అన్నాను ఒకసారి.

"ఏరా బామ్మర్దీ, డాక్టరు బెల్లం పేరెత్తాడా? ఎత్తలేదు. చదువుకున్నోడివి, ఆయన అనని మాట అన్నాడని చెప్పకు."

అన్నం తగ్గించమంటే ఓ పూట మానేసి, మిగిలిన పూటల్లో కొండంత పెట్టించుకున్నాడు. ఊరు కూడా చేతనైన వైద్యం చేసింది. ఒకరు కాకరకాయ రసం తెచ్చారు, ఒకరు నేరేడు గింజల పొడి తెచ్చారు. అవి తాగాక నోరు చేదుగా ఉందని అక్క ఓ అరిసె పెట్టేది. నేనూ పక్కనే కూర్చుని ఓ అరిసె తినేవాణ్ణి.

ఇక కల్లం సంగతి. మిరపకాయలు కోసి తెచ్చి, పేడతో అలికిన నేల మీద పరిచి ఎండబెడతారు. నేలంతా ఎర్ర దుప్పటి కప్పినట్టుంటుంది. కాయలు సమంగా ఎండాలంటే వాటి మధ్య నడుస్తూ, పాదాలతో నెడుతూ తిరగెయ్యాలి. పంట లక్ష్మి కాబట్టి కల్లంలో చెప్పులతో అడుగు పెట్టకూడదు. ఇది మా వైపు ఎవరూ ఎవరికీ నేర్పనవసరం లేని సంగతి. కలెక్టరొచ్చినా గట్టు మీద చెప్పులు విడిచే రావాలి. పైన ఎండ, కింద కారం. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు సాయంత్రానికి చేతులూ కాళ్ళూ మజ్జిగలో ముంచుకుని కూర్చుని, మిరపని కనిపెట్టినవాణ్ణి పేరు తెలియక వాడి వంశం మొత్తాన్ని తిట్టేవాళ్ళు.

ఆ ఏడు బావకి మజ్జిగ అక్కర్లేకపోయింది.

మొదట చూసింది అక్క. "ఏమండీ, కాళ్ళు మండట్లేదా?" అంది.

"లేదే! మన కాళ్ళకి అలవాటైపోయింది" అన్నాడు బావ. ఆయన మొహంలో గర్వం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. నేను చూశాను. ఆ ఆశ్చర్యాన్ని గర్వంగా మార్చింది నేనే. "అలవాటు కాదు బావా, ఒంటి తత్వం! అందరికీ రాదు" అన్నాను.

అక్కడితో ఆగలేదు. ఊరి బస్టాండు టీ కొట్టులో చెప్పాను, స్కూల్లో చెప్పాను, మిరప కొనడానికొచ్చిన వ్యాపారులకి చెప్పాను. అక్క ఇంట్లో నేను బావమరిదిని, మా స్కూల్లో కొత్త మాస్టారుని. ఎక్కడా నా మాట ఎవరూ పెద్దగా వినేవాళ్ళు కాదు. బావ కాలు గురించి మొదలుపెడితే మాత్రం టీ చల్లారిపోయేదాకా వినేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. అదే నెలలో తొమ్మిదో తరగతికి నాడీ వ్యవస్థ పాఠం చెప్తున్నాను. వేడి వస్తువు తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది, దాన్ని ప్రతీకార చర్య అంటారు, బొమ్మ గీసి భాగాలు గుర్తించుము. బొమ్మ బోర్డు మీద నేనే గీశాను. వెన్నుపాము, నరం, సెగ తగిలిన వేలు, రంగు సుద్దలతో ముచ్చటగా వచ్చింది. చేతికంటిన సుద్ద కడుక్కుని బావ కాలి గొప్పలు చెప్పడానికి టీ కొట్టుకి వెళ్ళాను. పాఠం పరీక్ష కోసం, బావ మన కోసం. ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని నాకు తట్టలేదు.

టీ కొట్టు ముందు, కూర్చోడానికని, మార్టూరు నుంచి తెచ్చిన నల్లరాతి పలక ఒకటి వేసి ఉండేది. శీతాకాలం అంతా దాని మీద చోటు దొరికేది కాదు. ఎండలొచ్చాక కుక్క కూడా దాన్ని చుట్టి వెళ్ళేది. ఓ మధ్యాహ్నం మిరప లోడుకొచ్చిన లారీ డ్రైవరు నా మాటలు విని నవ్వాడు.

"ఏంటి మాస్టారూ, కాలు మండని మనిషా? ఈ బండ మీద నిలబడమనండి చూద్దాం. నేనూ నిలబడతా. ఓడినోడు సోడా తాగించాలి."

బావ అప్పుడే కల్లం నుంచి వస్తున్నాడు. "వద్దులేరా, పనుంది" అన్నాడు. నిజంగానే అన్నాడు. కథ చెప్పేవాళ్ళెవరూ ఈ మాట చెప్పరు, వాళ్ళకి తెలియదు గనక.

నేను, "బావా, ఊరి పరువు!" అన్నాను.

చెప్పులు విప్పి ఎక్కాడు. డ్రైవరూ ఎక్కాడు. ఎక్కాడో లేదో, "అబ్బో! అమ్మో!" అంటూ దూకి, నీళ్ళ తొట్టి దాకా పరిగెత్తాడు. జనం ఈలలు వేశారు. బావ కుడికాలి మీద బరువేసి అలాగే నిలబడ్డాడు. సోడా కొట్టించి చేతికిచ్చాను. గోలీ చప్పుడు చేసుకుంటూ నిదానంగా తాగాడు. అయిపోతే ఇంకోటి ఇచ్చాను. నేను ఆయన చెయ్యి పైకెత్తి పట్టుకుని, గెలిచినట్టు ప్రకటించాను. పందెం ఆయన గెలిచినా, చప్పట్లు కొట్టిన వాళ్ళకి దణ్ణాలు పెట్టింది నేను.

మర్నాటికి కుడి అరికాలంతా బొబ్బ. బావ దాన్ని చూసుకోలేదు. నొప్పి లేనివాడు అరికాలు ఎందుకు చూసుకుంటాడు? ఆ కాలితోనే కల్లంలోకి దిగి కాయలు తిరగేశాడు. బొబ్బ చితికి, పచ్చిపుండులో మిరప గింజలు దిగాయి. మామూలు మనిషైతే ఊరు లేచిపోయేలా అరిచేవాడు. బావ ధర గురించి మాట్లాడుతూ తిరిగాడు.

ఒక పొద్దున అక్క వసారాలో నిలబడి కేకలేసింది. "ఎవర్రా గచ్చంతా కారం తొక్కింది? ఇప్పుడే కడిగి చచ్చాను!"

తడిగుడ్డతో తుడవబోతే అది కారం కాదు. అడుగుల వెంట వెళ్తే మంచం మీద బావ, కాలు మీద కాలేసుకుని బెల్లం టీ తాగుతున్నాడు.

అక్క ఆ పాదం ఎత్తి చూసి కింద కూలబడింది. "గుంటూరు పోదాం పదండి, ఇప్పుడే" అంది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి, పొడి చల్లి, గుడ్డ కట్టి, "నొప్పి ఉందా?" అన్నాడు. "ఇసుమంత లేదు" అన్నాడు బావ. "లేదా? మరింకేం, మానుతుందిలే" అన్నాడాయన.

అక్క నా వైపు చూసింది. ఇంట్లో సైన్సు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఏరా తమ్ముడూ, నువ్వేమంటావు?"

"నొప్పి లేదంటున్నాడుగా అక్కా, కంగారెందుకు? సరుకు గుంటూరు వెళ్ళే రోజు ఎలాగూ వెళ్తాం, అప్పుడు చూపిద్దాం."

మా అక్క జీవితంలో నా చదువుని నమ్మింది ఆ ఒక్కసారే.

అలా ఆ కాలు మిరప బస్తాల మీదెక్కి గుంటూరు వెళ్ళింది. అప్పటికి వాసన వేస్తోంది. మిరప ఘాటులో ఎవరికీ తెలియలేదు. ముందు మిర్చి యార్డుకెళ్ళి సరుకు దించాం, బేరం తెగేదాకా ఉన్నాం, భోంచేశాం, తర్వాత డాక్టరు దగ్గరికెళ్ళాం. మా క్రమం మాది.

డాక్టరు కట్టు విప్పి, పాదాన్ని దీపం కిందికి తిప్పి చూశాడు. తర్వాత బావని కళ్ళు మూసుకోమన్నాడు. "రెండు కాళ్ళకీ సూది తాకిస్తాను. తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. బావ బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు సూది బొటనవేలికి గుచ్చాడు, మడమకి గుచ్చాడు, పాదం పైన గుచ్చాడు. రక్తం చుక్కలుగా తేలింది. ఆ కాలు వదిలి, పుండు లేని రెండో కాలికి గుచ్చాడు.

బావ కళ్ళు మూసుకునే, "ఇంకా మొదలెట్టలేదాండీ?" అన్నాడు.

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. గోడ మీద నరాల పటం ఒకటి వేలాడుతోంది. నేను బోర్డు మీద గీసిన బొమ్మే, దీనికి రంగులు ఇంకా బాగున్నాయి.

"షుగరు ముదిరితే పాదాల్లో నరాలు చచ్చిపోతాయి" అన్నాడు డాక్టరు. "రక్తం కూడా అక్కడిదాకా సరిగ్గా చేరదు. అందుకే పుండు మానదు, మానలేదని మీకు తెలియదు. నొప్పి లేకపోవడమే మీ జబ్బు. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

ఆ మాటకి బావ నావైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

ముందు వేళ్ళు తీశారు. చాల్లేదు. తర్వాత మోకాలి కింద తీశారు. అది మా అక్క పెళ్ళిలో మా నాన్న పళ్ళెంలో పెట్టి కడిగిన కాలు. చెంబుతో నీళ్ళు పోసింది మా అమ్మ, పళ్ళెం జరక్కుండా పట్టుకుంది నేను.

ఊరంతా ఆసుపత్రికి వచ్చింది. బత్తాయిలు, బాదుషాలు, కోవా. మంచం కింద ఒక మిఠాయి కొట్టు తెరవొచ్చు. వచ్చినవాళ్ళు బయట వరండాలో నిలబడి తీర్పులు చెప్పారు. నొప్పి లేని కాలు తీస్తాడా ఎక్కడైనా? డాక్టరుకి కొయ్యడం సరదా. దిష్టి తగిలింది, అంతమంది చూస్తుండగా రాయెక్కొచ్చా? ఈ చివరి మాట అన్నప్పుడు అందరూ నన్ను జాలిగా చూశారు, అంత గొప్ప బావకి దిష్టి తగిలినందుకు. "డాక్టరు తప్పేం లేదు, తప్పు మాది" అని నేనొక్క మాట అంటే సరిపోయేది. నేను బత్తాయి వొలిచి అందరికీ తొనలు పంచాను.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి, ఓ మధ్యాహ్నం, బావ అక్కని కేకేశాడు.

"మజ్జిగ పట్రా. కాలు మండుతోంది."

"ఏ కాలు?"

"అదే. ఆ కాలు."

దుప్పటి కింద ఆ కాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. "అరికాలంతా కారం పోసినట్టుందే" అని ఆయన మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగాడు. అక్క గిన్నెతో మజ్జిగ తెచ్చి, ఎక్కడ పొయ్యాలో తెలియక నిలబడింది. డాక్టరుని అడిగితే, తీసేసిన అవయవంలో అలా నొప్పి పుట్టడం ఉంటుందని, కొందరికి తగ్గుతుందని, కొందరికి తగ్గదని చెప్పాడు. బావకి పూర్తిగా తగ్గలేదు. ఉన్నన్నాళ్ళు స్పర్శ లేని కాలు, పోయాక బతికినన్నాళ్ళు మండింది. ఓసారి నాతో అన్నాడు: "ఒరేయ్ బామ్మర్దీ, ఇదే మంట అప్పుడు పుట్టి ఉంటే ఆ డ్రైవరు కంటే ముందు దూకేవాణ్ణి కదరా." నవ్వుతూనే అన్నాడు. ఆయన నన్ను తిట్టిన మాటలన్నిట్లోకీ అదే పెద్దది. నిజానికి ఆయన తిట్టిందీ అదొక్కటే.

రెండో కాలికి కూడా స్పర్శ లేదు. రోజూ కడిగి, తుడిచి, అరికాలు వెలుతురులో చూడాలి, చెప్పు లేకుండా అడుగు వెయ్యకూడదు అన్నాడు డాక్టరు. కడగడం, చూడడం నా పని చేసుకున్నాను. స్కూలు నుంచి రాగానే పీట వేసుకుని ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. "మీ నాన్న ఒక్కసారి కడిగాడు, నీకు రోజూ తప్పలేదురా" అనేవాడు బావ.

మరుసటి ఏడు మిరప కల్లానికొచ్చింది. బావ చంకకర్రల మీద, ఒంటి కాలికి చెప్పుతో, గట్టు దాకా వచ్చి ఆగాడు. చెప్పు విప్పమన్నట్టు అక్క వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి కల్లంలో చెప్పుతో దిగినవాడు కాదు. అక్క విప్పలేదు. వంగి, వదులైన పట్టీ ఇంకాస్త బిగించింది.

"నడవండి" అంది.

తాలు ఏరేవాళ్ళు చేతులాపేశారు. "అదేంటమ్మా! లచ్చిందేవిని చెప్పుతో తొక్కిస్తావా?" అంది వాళ్ళలో పెద్దావిడ.

"ఆ పాపం నా లెక్కలో రాసుకోమను మీ లచ్చిందేవిని. నాకింకో కాలు పోగొట్టుకునే ఓపిక లేదు."

బావ ఆ ఎర్రటి కాయల మీద ఒక చెప్పుతో, రెండు కర్రలతో నడిచాడు. ఆ ఏడు మిరప ధర పడింది. చుట్టుపక్కల రెండు జిల్లాల్లోనూ పడింది. కానీ మా ఊరి లెక్క ప్రకారం అది మా బావ ఎడమ చెప్పు చేసిన పనే. ఆ కాలు మాత్రం ఆయనతోనే ఉంది. కొన్నేళ్ళ తర్వాత గుండె ఆగి పోయినప్పుడు చివరిసారి దాన్ని నేనే కడిగాను. ఒక్క గీత లేదు.

నిజమైన కథ ఇది. గృహప్రవేశం భోజనాలయ్యాక బంధువులంతా వెళ్ళేదాకా ఆగి, మేనల్లుణ్ణి కొత్త సోఫాలో కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. బండ దగ్గర "వద్దులేరా" అన్న మాటా, గుంటూరు తర్వాత వెళ్దామన్న నా మాటా, ఏదీ వదల్లేదు. వాడు తన అరికాలు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "అమ్మ ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"నేను తన తమ్ముణ్ణి కదరా" అన్నాను.

కొత్త చీపురు లోంచి ఒక పుల్ల విరిచి, మొన మొద్దుగా తుంచి, వాడి పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు మూసుకోమన్నాను. తగిలినప్పుడు చెప్పమన్నాను. వాడి భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బొటనవేలికి ఆనించాను. మాట్లాడలేదు. చిటికెనవేలికి. మాట్లాడలేదు. వాడి పెదాలు బిగుసుకున్నాయి. వాళ్ళ నాన్నలా "ఇంకా మొదలెట్టలేదా" అని అడగడానికి ధైర్యం చాల్లేదనుకుంటాను. మునివేళ్ళ కింద, పాదం మధ్యన ఆనించాను. అక్కడా అంతే. మడమ దగ్గరికొచ్చేసరికి పుల్ల కాస్త గట్టిగా దిగింది.

"అబ్బా! మెల్లగా మామయ్యా, గుచ్చి చంపుతావా?" అని కాలు వెనక్కి లాక్కున్నాడు.

నన్ను అంత ఆనందపెట్టిన తిట్టు ఇంకొకటి లేదు. ఇంకోసారి గుచ్చాను. ఇంకోసారి తిట్టాడు.

"రేప్పొద్దున్నే డాక్టరు దగ్గరికి" అన్నాను. "వేళ్ళు పోయాయి, మడమ ఉంది. ఉన్నదాన్ని ఉంచుకుందాం."

"రేపు సత్యనారాయణ వ్రతం ఉంది కదా..." అని మొదలుపెట్టాడు వాడు.

వాడి భార్య వీధి గుమ్మం బయటికెళ్ళింది. మార్టూరు నల్లరాతితో అద్దంలా మెరుస్తున్న ఆ కొత్త నేల మీద, దేవుడి గదికి ఎదురుగా, వాడి చెప్పులు తెచ్చి పెట్టింది.

"తొడుక్కోండి" అంది. "ఇంట్లో కూడా."